మొహం పడని ఫోటో

ఈ వయసులో నాకు ఫోటోలు తీయడం నేర్పించారు. పర్ణశాలలో, గోదావరి ఒడ్డున నిలబెట్టి మరీ. నేర్పినవాడు నా చిన్న కూతురికంటే చిన్నవాడు. గడ్డం, ఎక్కడ చూసినా జేబులే ఉన్న ప్యాంటు, మెడలో ఒక కెమెరా, భుజానికి ఇంకో కెమెరా. బలమైన ఫోటోలు, సృజనాత్మకమైన ఫోటోలు తీయడం ఎలాగో చెప్పే క్లాసట. మా అమ్మాయి నాకు చెప్పకుండానే నా పేరు ఇచ్చేసింది. "ఇంట్లో కూర్చుని అందర్నీ తిడుతున్నావు గదా, కాస్త గాలి తగిలేచోట కూర్చుని తిట్టు" అంది. ఆ మాట విన్నాక మాత్రం నా కడుపున పుట్టిందేననిపించి, సరేనన్నాను.

ఆ కుర్రాడు చెప్పిన చదువంతా ఇదీ. మనిషిని ఫోటో మధ్యలో పెట్టకూడదు. మనిషి కెమెరా వైపు చూడకూడదు. ఎండ మొహం మీద పడకూడదు. అసలు మొహమే సరిగ్గా కనపడకూడదు, కనపడితే అందులో మిస్టరీ పోతుంది. మా నాయనమ్మ వ్రతం రోజున కూడా ఇన్ని కూడదులు పెట్టలేదు. నాతోపాటు వచ్చినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలున్నవాళ్ళు. తలలూపుతూ ఫోన్లలో రాసుకున్నారు.

పొద్దు గూకేవేళకు అతను జామకాయలమ్మే ఒకామెను పట్టుకొచ్చి నీళ్ళకు అడ్డంగా నిలబెట్టాడు. పాపం ఆమె గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, నిటారుగా నిలబడి మా వైపు చూసింది.

"అమ్మా, ఇటు చూడకు. నదివైపు చూడు" అన్నాడు.

"అటు చూస్తే నా మొహం పడదు గద సారూ?"

"పడదమ్మా. అదే అందం."

ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళంతా చుట్టూ వెలుగు మెరిసే నల్లటి ఆకారాన్ని తీసుకుని మురిసిపోతుంటే, నేను ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, రెండు చెవులూ కనపడేట్టు తిన్నగా ఒకటి తీశాను. ఫోన్ చూపించాను. "అవ్, నేనే!" అని నవ్వింది ఆమె. కుర్రాడు కూడా వచ్చి చూశాడు. "మేడమ్, ఇది పాస్‌పోర్ట్ ఫోటో అయింది" అన్నాడు జాలిగా.

ఆ జాలి నాకు కొత్త కాదు. చిన్నప్పుడే మా ఇంట్లో చూశాను. పాస్‌పోర్టులంటే ఏమిటో తెలియని ఊరు కాబట్టి అప్పుడు దాన్ని హాల్ టికెట్ ఫోటో అన్నారు.

మా ఊరు జూలూరుపాడు దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉండేది. ఉండేది అంటున్నానంటే ఊరు ఎక్కడికో పోయిందని కాదు. అడవే పోయింది. ఇప్పుడక్కడ బారులు తీరిన జామాయిల్ చెట్లు తప్ప ఏమీ లేవు. వాటి వాసన నాకు జలుబు మందును గుర్తు చేస్తుంది. అప్పుడు ఎండలు ముదిరే రోజుల్లో అడవివైపు నుంచి ఇప్పపువ్వు వాసన వచ్చేది, మత్తుగా, కొంచెం పులిసినట్టు. ఇటు కల్లంలోంచి మిర్చి ఘాటు వచ్చేది. రెండూ కలిసి ఊరు మీద పడితే కొత్తగా వచ్చిన చుట్టాలు తుమ్మలేక చచ్చేవాళ్ళు. మేం పిల్లలం వాళ్ళ తుమ్ములకు లెక్కపాటలు కట్టేవాళ్ళం.

మిర్చి ఎండే రోజుల్లో ఇంటిల్లిపాదీ కల్లం దగ్గరే ఉండేవాళ్ళం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరేవాళ్ళు. తాలు అంటే తెల్లబడి పనికిరాకుండా పోయిన కాయలు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, కాల్చిన ఎండుచేప. కల్లంలో పని చేసిన చేతులతో తింటే వేరే కారం అక్కర్లేదు. మేం అడవి అంచుకు పోయి తునికిపండ్లు ఏరుకొచ్చి, గింజలు ఒకరి మీద ఒకరు ఉమ్ముకునేవాళ్ళం. ఒకసారి నేను మా బాబాయి తువ్వాలుకు మిర్చిగింజలు రుద్ది తీగ మీద ఆరేశాను. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

ఆ బాబాయి మా నాన్నకు తమ్ముడు. అప్పటికి పెళ్ళి కాలేదు. ఖమ్మంలో కాలేజీ చదువుతున్నానని చెప్పుకునేవాడు. చదువు సంగతి పరీక్షలకు తెలుసు. ఆ ఏడు సెలవులకు వస్తూ ఒక కెమెరా తెచ్చాడు, దానితోపాటు మాటలూ తెచ్చాడు. ఫోటో అంటే మనిషి బొమ్మ కాదట, వెలుగు బొమ్మట. ఎదురుగా నిలబెట్టి తీసేవాడు పనివాడట, పక్కనుంచి తీసేవాడు కళాకారుడట.

"కోతికి కొబ్బరికాయ దొరికింది" అంది నాయనమ్మ. నాయనమ్మ మా నాన్నకు, బాబాయికి తల్లి. ఊళ్ళో ఆమె నోటికి దడవనివాడు లేడు. నా నోరు ఆమె ఆస్తిలో నాకు వచ్చిన వాటా.

కెమెరా వచ్చిందని తెలిసి ఊరు కదిలొచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుని, నూనె రాసుకుని, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. బాబాయి ఎవర్నీ తీయలేదు. బర్రె కొమ్ము తీశాడు. బావి గిలక మీద తడిసిన తాడు తీశాడు. చీమల బారు తీశాడు. తన నీడ తనే తీసుకున్నాడు. పక్కింటి తాత తన పందెం కోడిని చంకన పెట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని వస్తే, బాబాయి వంగి కోడి తల ఒక్కటి తీసి "చాలు తాతా, పో" అన్నాడు. తాత చాలాసేపు కదల్లేదు. తన వంతు ఎప్పుడు వస్తుందోనని చూస్తున్నాడు.

ఒకరోజు కల్లం దగ్గర అమ్మ అడిగింది. "మరిదీ, నాదొక్క ఫోటో తియ్యరాదూ. పెండ్లి ఫోటోల నా పాపిటే ఉన్నది, మొహం లేదు."

నిజమే. ఇంట్లో ఉన్న పెళ్ళి ఫోటోలో నాన్న తలపాగాతో బెదిరిపోయి చూస్తుంటాడు. పక్కన బాసికం, పాపిట, పూలజడ. ఆ కింద అమ్మ ఉందని మనం నమ్మాలి. పెళ్ళికూతురు తలెత్తితే సిగ్గులేనిదంటారని పెద్దవాళ్ళ భయం.

"నేనే మెడ వంచి పట్టిన. ఇప్పుడేమో ఫోటోల ఎవరున్నరో నాకే తెల్వదు. ఒక్కటి తియ్యిరా" అంది నాయనమ్మ.

"తీస్త వదినా. గానీ హాల్ టికెట్ ఫోటో తియ్య. గసువంటిది ఖమ్మంల ఎవడన్న తీస్తడు. నేను తీస్తే గది వేరే ఉంటది" అన్నాడు బాబాయి.

అమ్మకు ఆ తేడా ఏం తెలుసు? ఇంటికి పోయి ఆకుపచ్చ చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఇంటి గోడ ముందు నిలబడతానంది. బాబాయి వినలేదు. కల్లంలోనే, పొద్దు గూకేటప్పుడే, అడవిలోకి దిగే సూర్యుడికి అడ్డంగానే నిలబడాలన్నాడు. తాలు ఏరే ఆడవాళ్ళు చేతులు ఆపి నవ్వారు. అమ్మ సిగ్గుపడి కింది పెదవిని లోపలికి లాక్కుంది.

అంతటితో ఆగితే వాడు మా బాబాయి కాదు. వెలుగు కడ్డీల్లాగా కనపడాలంటే గాలిలో దుమ్ము ఉండాలట. మమ్మల్ని పిలిచి "మట్టి తన్నుండ్రి, గట్టిగ తన్నుండ్రి!" అన్నాడు. మాకు ఇంతకంటే మంచి పని ఎవరు చెబుతారు? తన్నాం. అది కల్లం మట్టి. నెలనుంచి ఎండిన మిర్చి గింజలూ తొక్కలూ అందులో ఉన్నాయి. ఒక్క నిమిషంలో అందరికీ దగ్గు పట్టుకుంది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని బాబాయి ఏడు తరాలనూ తిట్టారు. అమ్మ మాత్రం కదల్లేదు, కదిలితే ఫోటో పాడవుతుందని.

"కండ్లు మండుతున్నయ్, జల్దీ కానియ్యి" అంది. టక్కుమంది కెమెరా. "ఏడుపు మొహం పడ్డదేమో మరిదీ."

"మొహం పడనే లేదు వదినా. గదే ఆర్టు."

అమ్మకు అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని, "అయితే ఇంకొక్కటి తియ్యి. ఈసారి మంచిగ నిలబడత" అంది.

"రీలు అయిపోయింది."

"కోడికున్న భాగ్యం కూడ లేకపాయె దీనికి" అని నాయనమ్మ చేటలోని మిర్చి విసురుగా కుప్ప మీద పోసింది.

ఆ వానాకాలం అమ్మకు జ్వరం వచ్చింది. అడవి అంచు ఊళ్ళకు వానలతోపాటే వచ్చే జ్వరమది. కషాయాలు తాగించారు, తడిగుడ్డలు వేశారు. తగ్గక, బండి కట్టి రోడ్డుదాకా తీసుకుపోయి, బస్సులో కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్ళారు. తిరిగి మాట్లాడుతూ రాలేదు. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చినవాళ్ళందరి కాళ్ళ మీదా చెంబుతో నీళ్ళు గుమ్మరించాను. ఎవరూ కొట్టలేదు. తిట్టనైనా తిట్టలేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

పెద్దకర్మకు దండ వేయడానికి ఫోటో కావాల్సి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, అమ్మ మొహం ఈ లోకంలో ఎక్కడా లేదని.

నాన్న కల్లంలో తీసిన ఫోటో నెగెటివ్ పట్టుకుని ఖమ్మంలో ఒక స్టూడియోకు వెళ్ళాడు. స్టూడియో ఆయన దాన్ని బల్బుకు అడ్డంగా పెట్టి చూసి "ఇందుల ఏమున్నదని తెచ్చిండ్రు?" అన్నాడట. నల్లగా వచ్చిన ఫోటోకు నెగెటివ్ తెల్లగా ఉంటుంది. చుట్టూ నల్లటి వెలుగు, మధ్యలో అమ్మ ఆకారమంతా గాజులాగా ఖాళీ. "లేని మొహం నేనేడకెళ్ళి తెస్త? పోలికున్నోళ్ళు ఇంట్ల ఎవరన్న ఉంటే తోలుకరాండ్రి. చాన మంది గట్లనే చేపిస్తరు" అన్నాడు.

అమ్మ పోలిక ఉన్నది ఒక్కరికే, ఆమె చెల్లెలికి. మా పిన్నికి. అచ్చు గుద్దినట్టుండేవాళ్ళిద్దరూ. ఒకటే తేడా. అమ్మ నవ్వితే నవ్విందని తెలిసేది కాదు, పిన్ని నవ్వితే పక్కవీధికి వినపడేది. పిన్నికి అప్పుడే పెళ్ళయి మధిరకు కాపురానికి వెళ్ళింది. కబురు చేస్తే ఆమె అత్త అగ్గి మీద గుగ్గిలమైందట. తప్పేముంది? బతికున్న మనిషి ఫోటోకు దండ వేస్తే ఆయుష్షు తగ్గుతుందని అందరూ నమ్మే రోజులు. పైగా పసుపు ఆరని కోడలు.

పిన్ని వచ్చేసింది. చిన్న సంచి పట్టుకుని, ఒక్కతే బస్సు దిగి వచ్చింది.

"మీ అత్త ఏమన్నదే?" అని అడిగింది నాయనమ్మ.

"బతికున్నదానికి దండేస్తరా అన్నది. దండ నాకు గాదు, మా అక్కకు అని చెప్పొచ్చిన."

నాన్న, పిన్ని, నేను ఖమ్మం వెళ్ళాం. బాబాయి రాలేదు. వాడికి ఏదో పరీక్ష ఉందట. స్టూడియోలో హంసలూ కొలనూ వేసిన పరదా ఉంది. ఆ హంసల మెడలు సొరకాయల్లాగా ఉన్నాయని నాకు ఇప్పటికీ గుర్తు. పిన్ని లోపలికి వెళ్ళి అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, తన పక్క పాపిట చెరిపి అమ్మలాగే నడిమి పాపిట తీసుకుని వచ్చింది. నాన్న చూసి, బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు.

"కొంచెం నవ్వమ్మా" అన్నాడు స్టూడియో ఆయన. పిన్ని అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయింది.

"వద్దు. మా అక్క పండ్లు కనపడనియ్యదు. కింది పెదవి లోపటికి పట్టి నవ్వుతది."

గోడకున్న అద్దం ముందుకు వెళ్ళి పెదవి లాక్కుంటూ, వదులుతూ చాలాసేపు చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "గిట్లనేనా బిడ్డా?"

"అవ్" అన్నాను.

టక్కుమంది కెమెరా. ఎదురుగా, మధ్యలో, రెండు చెవులూ కనపడేట్టు. అమ్మ అడిగిన ఫోటో అదే.

అమ్మ గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేది. పిన్నికి లేదు. కుడివైపని చెబితే, తర్వాత కుంచెతో పెడతానన్నాడు ఆయన. తన కళలో తాను తప్పు చేయనని కూడా అన్నాడు. బట్టలు మార్చుకుని బయటికి వచ్చాక నాన్న మాకు గోలీసోడాలు ఇప్పించాడు. పిన్ని ఒక గుక్క తాగి, "ఇగ నేను ఫోటోలు దిగ" అంది.

"ఎందుకు పిన్నీ?"

"గోడ మీద ఉండేది మీ అమ్మ. నేను మళ్ళ దిగితే అది నేనయిపోత."

ఫోటో వచ్చింది. దండ వేశారు. ఊరి ఆడవాళ్ళు "అచ్చు మనిషే" అని గుండెలు బాదుకున్నారు. నాయనమ్మ ఒక్కతే దగ్గరికి వెళ్ళి, కళ్ళు చిట్లించి చూసి, "మచ్చ అటు గాదు" అంది. స్టూడియో ఆయన ఎదురుగా నిలబడి తన కుడివైపు పెట్టాడు. అంటే అమ్మ ఎడమవైపు. నేను లెక్క వేసుకున్నది ఇదీ. ఆ ఫోటోలోని మొహంలో అమ్మది అంటూ ఉన్నది ఆ మచ్చ ఒక్కటే, అదీ తప్పు చోట ఉంది.

దాని కింద పెరిగాను. రోజూ చూసే మొహం, రోజూ చూడని మొహాన్ని తినేస్తుంది. పెద్ద తరగతులకు వచ్చేసరికి కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుంటే పిన్ని వచ్చేది. పిన్ని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫోటో కిందే కూర్చుని పల్లీలు ఒలుచుకు తినేది. గాజులమ్మే ఆమె ఒకసారి గడపలోంచి అటు చూసి, ఇటు చూసి, గాజుల మలారం అక్కడే పడేసి పరిగెత్తింది. పిన్ని నవ్వు ఆ రోజు మా వీధి చివరిదాకా వినపడింది. మాట మీద మాత్రం నిలబడింది. తన పిల్లల పెళ్ళిళ్ళలో కూడా కెమెరా ఇటు తిరిగితే ఆమె అటు వెళ్ళి వడ్డనలు చూసేది. ఆధార్ కోసం తప్పక ఒకటి తీశారు గానీ, అందులో ఆమె ఆమెలాగా లేదు కాబట్టి లెక్కలోకి రాదు.

బాబాయి సంగతి చెప్పలేదు కదూ. కల్లంలో తీసిన ఫోటోను పెద్దగా చేయించి కాలేజీ ప్రదర్శనలో పెట్టాడు. బహుమతి వచ్చింది. దాని కింద 'సంధ్య' అని పేరు రాశాడు. మా అమ్మ పేరు అది కాదు. ఇప్పటికీ వాళ్ళ హాల్లో సోఫా పైన వేలాడుతూ ఉంది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే వెలుగు గురించి చెబుతాడు. మనిషి గురించి ఎవరూ అడగరు, వాడూ చెప్పడు. రోజూ పొద్దున్నే నా ఫోనుకు సూర్యోదయం ఫోటో, దాని కింద శుభోదయం. వయసు మళ్ళినా సూర్యుణ్ణి వదల్లేదు. నేను జవాబు ఇవ్వను.

పర్ణశాల క్లాసు ముగిస్తూ ఆ కుర్రాడు హోంవర్కు ఇచ్చాడు. మీకిష్టమైన మనిషిని, మొహం చూపించకుండా, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి అని. నాకు నవ్వొచ్చింది. ఆ హోంవర్కు మా ఇంట్లో ఎప్పుడో చేసేశారు నాయనా అనబోయి ఊరుకున్నాను.

తర్వాతి వారం మధిర వెళ్ళాను. పిన్ని వసారాలో కుర్చీ వేసుకుని, ఎండలో మోకాళ్ళు పెట్టుకుని కూర్చుంది. అత్త ఎప్పుడో పోయింది. దండ పడ్డ కోడలు మాత్రం నిక్షేపంలా ఉంది, ఆయుష్షు సంగతి చెప్పినవాళ్ళందరినీ సాగనంపి. నేను ఎదురుగా నిలబడి ఫోన్ ఎత్తాను. ఆమె లేచి పోతుందనుకున్నాను. పోలేదు. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఈసారి ఎవరికోసమే?" అంది.

"ఎవరికోసమూ కాదు. నీకోసమే పిన్నీ."

పిన్ని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కెమెరాకేసి తిన్నగా చూసి, కింది పెదవిని లోపలికి పట్టింది.

"అట్ల వద్దు. నువ్వు నవ్వినట్టు నవ్వు."

"నేనెట్ల నవ్వుతనో నాకేమెరుక? కెమెరా ముందు నాకు వచ్చింది ఇదొక్కటే."

అప్పుడు నేను నాకు చేతనైన పని చేశాను. ఆ గడ్డం కుర్రాడిలాగా భుజాలు ఎగరేసి, "అమ్మా, ఇటు చూడకు, నదివైపు చూడు, మొహం పడితే మిస్టరీ పోతుంది" అన్నాను. జేబులు వెతుక్కుంటున్నట్టు చేశాను. మా బాబాయిలాగా వంగి, కుర్చీ కింద పడుకున్న వాళ్ళ కోడి తలకు కెమెరా పెట్టి, "చాలు తాతా, పో" అన్నాను.

పిన్ని నవ్వింది. ఊడినవి ఊడగా మిగిలిన పళ్ళన్నీ కనపడేట్టు, పక్కింటామె పిట్టగోడ మీంచి తొంగిచూసేట్టు నవ్వింది. తీశాను. ఎదురుగా, మధ్యలో, ఎండ మొహం మీద పడుతుండగా.

గ్రూపులో పెట్టలేదు. పెడితే పాస్‌పోర్ట్ ఫోటో అంటారు, నాకు మళ్ళీ నోరు లేస్తుంది.

ఖమ్మంలో మా ఇంటికి వచ్చాక, నాన్న తర్వాత నా దగ్గరికి చేరిన ఆ పాత ఫోటో పక్కన ఫోన్ పెట్టి చూశాను. కళ్ళు అవే. ముక్కు అదే. చెవులు కూడా అవే. ఇన్నేళ్ళూ ఆ దండ కింద పిన్ని తప్ప ఎవరూ లేరనే అనుకున్నాను. కానీ కింది పెదవి దగ్గరికి వచ్చేసరికి రెండు ఫోటోలూ కలవలేదు. గోడ మీద ఉన్నది లోపలికి లాక్కున్న పెదవి. కల్లంలో, అందరూ నవ్వుతుంటే అమ్మ సిగ్గుపడి లాక్కున్నది. అది పిన్నిది కాదు.

దండ పక్కకు జరిపి, ఆ పెదవి మీద వేలు పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.